తొలి పుటపై ఇంటివారి పేరు

గ్రంథాలయమున పుస్తకము చేతికి రాగానే మనలో చాలమంది మొదటి రెండు మూడు పుటలను త్రిప్పివేసి, కథ యెచ్చట మొదలగునో అచ్చటనే చదువ నారంభింతురు. త్రిప్పివేసిన ఆ పుటలలో నొకచోట గ్రంథకర్త తన కృతిని ఎవరి పేర వెలయించెనో తెలుపు పంక్తి యొకటి యుండును. కొన్ని పుస్తకములందు సిరాతో వ్రాసిన చేతివ్రాతయు నుండును. తండ్రి కుమార్తెకు ఇచ్చినది, అన్న తమ్మునికి బహూకరించినది, తాత మనుమని ఆశీర్వదించి పంపినది. ఇది ఆ కుటుంబమువారి సొంత విషయము, మనకేల యని తోచుట సహజమే. కాని మన సాహిత్య చరిత్రను పరిశీలించినచో, ఇంటివారి పేర వ్రాసిన ఇట్టి చిన్న పంక్తులే పెద్ద గ్రంథముల కాలమును, కర్తృత్వమును, ఒక్కొక్కప్పుడు వాని యునికినే కాపాడినవని తెలియును. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఈ ప్రసంగము తగినదని తలచి, నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

కృతికన్య, మేనరికము

తెలుగు కవులు కృతిని కన్యగా భావించిరి. రచించిన కవి ఆ కన్యకు తండ్రి. దానిని స్వీకరించువాడు వరుడు. అందుచేతనే అంకితము పుచ్చుకొన్నవానికి కృతిపతి యను పేరు కలిగినది. ఈ వివాహములు ప్రాయికముగా రెండు తెరగులుగా నడచినవి. కొందరు కవులు తమ కన్యను రాజులకో మంత్రులకో ఇచ్చిరి. శ్రీనాథుడు కాశీఖండమును రాజమహేంద్రవరమునేలిన వీరభద్రారెడ్డికి సమర్పించుట ఇట్టిది. మరికొందరు మానవులకు ఇయ్యక దైవమునకే ఇచ్చిరి. పోతన భాగవతమును శ్రీరామచంద్రునికి సమర్పించుట ఇట్టిది. పాఠశాలలో మనము నేర్చుకొన్నది ఈ రెండు మార్గములనే. కాని వీని నడుమ మూడవ మార్గమొకటి సన్నగా సాగుచువచ్చినది. అది బంధుత్వపు మార్గము.

13వ శతాబ్దమున నెల్లూరు సీమ నేలిన మనుమసిద్ధి తిక్కన సోమయాజి నొక కావ్యము అంకితమిమ్మని అడిగిన తీరు ఇందుకు చక్కని నిదర్శనము. ఆయన రాజు, ఆజ్ఞాపింపవచ్చును. అట్లు చేయలేదు. తిక్కనను తాను మామా యని పిలుచు వాడుక నెత్తుకొని, ఆ పిలుపునకు తగినట్లుగా నీ కవితాకన్యను నాకు ఈయవలెనని కోరెను. మామ కూతురిపై మేనల్లునికి హక్కు కలదని మన యిండ్లలో నేటికిని చెప్పుకొనుట కలదు గదా! వారిరువురిదియు ఒకే కులము కాదు, రక్తసంబంధమును లేదు. అయినను చనువుతో పెట్టుకొన్న వరుస ఒక కావ్యమును అడుగుటకు చాలినది. నిర్వచనోత్తర రామాయణ మట్లు మనుమసిద్ధి కృతి యయ్యెను. ఈ సంభాషణను తిక్కన తన కావ్యపు అవతారికలో నిలిపెను. కావుననే ఏడు వందల ఏండ్ల తరువాత కూడ ఆ రాజునకును ఆ కవికిని గల చనువు మనకు వినవచ్చుచున్నది.

అదే తిక్కన మహాభారతమున పదునైదు పర్వములను తెనిగింప బూనినప్పుడు కృతిపతిగా హరిహరనాథుని ఎన్నుకొనెను. ఆ సందర్భమున స్వర్గస్థుడైన తన తండ్రి కొమ్మన స్వప్నమున కనబడి, స్వామి యనుగ్రహమును తెలిపినట్లు ఆయన విరాటపర్వ ప్రారంభమున వ్రాసెను. దైవమునకు ఇచ్చిన కృతికి సైతము తండ్రి మాట వాకిలిగా నిలిచినది.

తండ్రి పేర వెలసిన రామాయణము

ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము రంగనాథ రామాయణము. ద్విపదలో నడచిన ఈ గ్రంథము 13వ శతాబ్దపు రచన. పేరును బట్టి దీనిని రంగనాథుడను కవి వ్రాసెనని లోకమున ప్రచారము కలిగినది. పండితులలో చాలకాలము వాదములు జరిగినవి. అయితే గ్రంథములోపల కవి చెప్పుకొన్నది వేరు. కాకతీయుల నాటి గోన వంశమునకు చెందిన బుద్ధారెడ్డి, తన తండ్రి విట్ఠలనాథుని ఆనతి మేరకు, ఆ తండ్రి పేరనే రామకథను రచించుచున్నట్లు తెలిపెను. కాండాంతములందును ఆ మాట మరల మరల వచ్చుచుండును.

కథ అంతటితో ముగియలేదు. బుద్ధారెడ్డి పట్టాభిషేకముతో విడిచిన కథను ఆయన కుమారులు కాచ విభుడు, విట్ఠలరాజు ఉత్తరకాండముగా పూర్తిచేసి, తమ తండ్రియైన బుద్ధారెడ్డి పేర వెలయించిరి. తాత పేర తండ్రి, తండ్రి పేర తనయులు! ఒకే కథ మూడు తరముల ఇంటిపేటికగా మారినది. ఆ పేర్లను గ్రంథమున వ్రాసియుండనిచో, బుద్ధారెడ్డి యను నొక కవి యుండెనన్న సంగతియే మరుగున పడియుండెడిది. పుస్తకముపై లోకము పెట్టిన పేరొకటి, లోపల కొడుకు వ్రాసిన పేరొకటి. వాదము వచ్చినపుడు సాక్ష్యము చెప్పినది లోపలి పేరే.

తిరుమలపై రాగిరేకులు

ఇక మన సీమకు వత్తము. తిరుపతికిని పుత్తూరికిని నడుమ నున్న మన వడమాలపేటవారికి తాళ్లపాకవారి సంకీర్తనలు క్రొత్తవి కావు. అప్పలాయగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఉత్సవములందును, భజన మందిరములందును, పెండ్లి పందిళ్లలోను వానిని వినుచునే యున్నాము. ఆ పాటలు మన చెవిని పడుటకు కారణము ఒక కుమారుడు తన తండ్రి కొరకు చేయించిన వ్రాత యన్నది గుర్తుంచుకొనదగిన సంగతి.

తాళ్లపాక అన్నమాచార్యులు రాజంపేట సమీపమున నున్న తాళ్లపాక గ్రామమున జన్మించిరి. ఆయన మనుమడు చిన్నన్న యని ప్రసిద్ధుడైన చిన తిరువేంగళనాథుడు, తాతగారి జీవితమును అన్నమాచార్య చరిత్రము అను ద్విపద కావ్యముగా వ్రాసెను. తాత ముప్పదిరెండు వేల సంకీర్తనలు చెప్పెననియు, సాళువ నరసింహరాయలు తనపై పాట చెప్పుమని కోరగా నిరాకరించి సంకెలల పాలయ్యెననియు అందు కలదు. దైవమును పాడిన నోట నరుని పాడనని పట్టుపట్టిన కవి ఆయన. రాజు పేరునకు తావీయని ఆ పాటలను కాపాడు భారము సహజముగా ఇంటివారిపై పడినది.

తాటాకు గ్రంథము చెదలకు, తేమకు లొంగును. తరమున కొకమారు తిరిగి వ్రాయనిచో నశించును. అన్నమాచార్యుల కుమారుడు పెద తిరుమలాచార్యులు ఆ భయమును తొలగింప సంకల్పించి తండ్రిగారి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించెనని పరిశోధకులు నిర్ణయించినారు. ఆ రేకులు రెండువేలకు పైబడి యున్నవి. అందు అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని వేర్వేరు వరుసలు. ప్రతి పాటకును రాగము పేరు చెక్కబడినది. తిరుమల ఆలయ ప్రాకారములోనే వీనికొక రాతి అర యుండెను. దానికి సంకీర్తన భాండాగారమని పేరు. ఒక కుటుంబము తన యింటి పెద్ద వాక్కు కొరకు ఏర్పరచుకొన్న గ్రంథాలయముగా దానిని భావింపవచ్చును.

ఆ రేకుల యారంభమున గద్యమొకటి కలదు. మన ప్రస్తుత విషయమునకు అదియే ప్రాణము. శాలివాహన శకము 1346 క్రోధి సంవత్సరమున, అన్నమాచార్యులు పుట్టిన పదునారేండ్లకు, తిరువేంగళనాథుడు ప్రత్యక్షమయ్యెననియు, అది మొదలుగా శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు ఆయన స్వామికి అంకితముగా విన్నవించిన సంకీర్తనలు ఇవి యనియు దాని తాత్పర్యము. అలంకారములు లేవు, పొగడ్తలు లేవు. ఎవరు, ఎవరికి, ఏనాటి నుండి ఏనాటి వరకు అన్న నాలుగు సంగతులే కలవు.

ఈ నాలుగు సంగతుల విలువ నించుక లెక్కచూతము. శక సంవత్సరమునకు 78 కలిపినచో క్రీస్తు శకము వచ్చును. 1346కు 78 కలుపగా 1424. నాటికి ఆయనకు పదునారేండ్లు గనుక జన్మము 1408. చివరి తిథి శకము 1424. 78 కలుపగా 1502 వచ్చినను, ఫాల్గుణము తెలుగు సంవత్సరమునకు కడపటి మాసమగుటచే అది 1503 ఆరంభమున పడును. తొంబదియైదేండ్ల జీవితమునకు ఆదియు అంతమును ఒక్క వాక్యమున లభించినవి. ఇంత ప్రసిద్ధుడైన పోతన జీవితకాలమును గూర్చి పండితులు ఊహలతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. అన్నమాచార్యుల విషయమున ఆ చిక్కు లేదు. నేటికిని ఆయన వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడే జరుగుచున్నది.

ఈ వంశమువారి శ్రద్ధకు మరియొక దృష్టాంతము కలదు. అన్నమాచార్యులు సంకీర్తన లక్షణమును సంస్కృతమున రచించిరి. పెద తిరుమలాచార్యులు దానికి వ్యాఖ్య వ్రాసిరి. మనుమడైన చిన తిరుమలాచార్యులు దానిని తెలుగు పద్యములుగా చేసెను. సంస్కృత మూలము గాని, తండ్రి వ్యాఖ్య గాని మనకు దక్కలేదు. దక్కినది మనుమని తెలుగు గ్రంథమొక్కటే. అందు తాత ఏమి చేసెనో, తండ్రి ఏమి చేసెనో అతడు పేరుపేరున చెప్పెను గనుక, పోయిన రెండు గ్రంథములకును అదియే నేడు ఆనవాలు.

స్తోత్రములే యని విడిచిన కాలము

రాగిపై చెక్కినంతనే పాట బ్రదుకునా? బ్రదుకదు. చదువువారు లేనిచో రాగియు మట్టితో సమానమే. తాళ్లపాకవారి ప్రాభవము తగ్గిన పిదప ఆ యర మూతపడి, పాటల బాణీలు జనుల నోట మాసిపోయినవి.

19వ శతాబ్దపు ఆరంభమున ఏ. డి. కాంబెల్ అను ఇంగ్లీషు ఉద్యోగి తెలుగు వ్యాకరణము వ్రాయుచు, ప్రాచీన వ్యాకరణ గ్రంథముల కొరకు వెదకుచుండెను. తిరుమలపై వేలకొలది రాగిరేకులు కలవని ఆయన విని, వానిని చూచి రమ్మని ఒకనిని పంపెను. వ్యాకరణ గ్రంథమొకటి తప్ప తక్కినవన్నియు దేవుని స్తోత్రములేయని తేలినదట. ఆ సంగతిని ఆయన 1816లో వెలువడిన తన వ్యాకరణపు పీఠికలో తెలిపెను. ఆయన వెదకినది వ్యాకరణము గనుక ఆయనను నిందింప బనిలేదు. అయినను తెలుగు భాష యొక్క మహానిధి ఒకటి వెలుగు చూచి, స్తోత్రములే గదా యన్న మాటతో మరియొక నూరేండ్లు చీకటిలో నుండవలసి వచ్చినది.

20వ శతాబ్దమున దేవస్థాన శాసనములను పరిశీలించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఈ రేకుల విలువను గుర్తించిరి. తిరుపతిలో 1939లో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయము ఏర్పడిన పిదప ఈ కృషి బలపడినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చిన్నన్న వ్రాసిన అన్నమాచార్య చరిత్రమును పరిష్కరించి 1949లో విపులమైన పీఠికతో ప్రకటించిరి. మరుసటి యేడు 1950లో ఆయన దివంగతులైరి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు సంకీర్తనలను పరిష్కరించుటయే గాక పలు పాటలకు స్వరములు కూర్చిరి. అటు పిమ్మట గాయకులు వానిని దేశమంతట వినిపించిరి. ఇప్పటికి లభించిన అన్నమాచార్యుల పాటలు పండ్రెండు వేలకు పైబడినవి. చిన్నన్న చెప్పిన ముప్పదిరెండు వేలలో ఇది సగమునకు లోపు. ఎంత దక్కెనో, ఎంత పోయెనో ఈ రెండంకెలే చెప్పుచున్నవి.

పరిశోధకులకు దారి చూపినవి రెండు. ఒకటి కుమారుడు చెక్కించిన రేకుల మొదటి గద్యము. రెండవది మనుమడు వ్రాసిన తాత చరిత్ర. ఒకటి తిథులను ఇచ్చినది, రెండవది కథను ఇచ్చినది. ఇంటివారు వ్రాసి యుంచనిచో ఈ వేల పాటలు కర్త తెలియని పాటలుగా మిగిలియుండెడివి.

మరణించిన భార్యకు అంకితము

అచ్చుపుస్తకముల కాలము వచ్చినను బంధుత్వపు అంకితముల బలము తగ్గలేదు. జవహర్లాల్ నెహ్రూ 1934 జూన్ నుండి 1935 ఫిబ్రవరి వరకు కారాగారములో నుండి తన ఆత్మకథను వ్రాసెను. ఆ కాలమున భార్య కమల క్షయవ్యాధితో బాధపడుచుండెను. పిమ్మట చికిత్సకై ఆమెను ఐరోపాకు కొనిపోయిరి. 1936 ఫిబ్రవరి 28న స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున ఆమె మరణించెను. నెహ్రూ ఆమె చితాభస్మముతో విమానమున స్వదేశమునకు మరలుచు, దారిలో బాగ్దాదున దిగినప్పుడు లండనులోని ప్రకాశకులకు తంతి పంపి, గ్రంథము ఇక లేని కమలకు అంకితమని అచ్చు వేయ నాదేశించెను. ఆ యేడే గ్రంథము వెలువడినది.

వందల పుటల ఆ గ్రంథమున సత్యాగ్రహములు, కాంగ్రెసు మహాసభలు, గాంధీజీతో వాదోపవాదములు కలవు. వానిని చదువుటకు ముందు తొలి పుటపై నున్న ఆ చిన్న పంక్తిని చూచిన పాఠకునికి, స్వాతంత్ర్యోద్యమమునకు ఒక యిల్లు చెల్లించిన వెల యెంతయో విడిగా చెప్పనక్కరలేదు. ఆ పుట చినిగిపోయిన ప్రతిని చదివినవానికి ఉద్యమ చరిత్ర తెలియును గాని, ఆ వెల తెలియదు.

మన చేతిలోని పని

ఇప్పుడు మన యూరి మాట. పల్లెటూరి గ్రంథాలయమునకు పుస్తకములు రెండు దారుల వచ్చును. కొన్ని కొన్నవి, కొన్ని ఇండ్లనుండి వచ్చినవి. పెద్దలు గతించిన పిదప వారి పెట్టెలోని భారత భాగవతములు, శతకములు, నాటకములు, పంచాంగములు మనవద్దకు చేరును. పెండ్లికి బహూకరించిన పుస్తకముపై ఆశీర్వాదము, పరీక్షలో ఉత్తీర్ణుడైన మేనల్లునికి మామ వ్రాసిన మెప్పు, పురిటి నాటి తిథి వార నక్షత్రములు అట్టి పుస్తకముల మొదటి ఆకులపై కనబడుట మన యెరుకలోనిదే. ఊరిలో జనన మరణములను క్రమముగా నమోదు చేయని కాలమున ఈ ఆకులే కొన్ని యిండ్లకు లెక్కలు.

ఇట్టి ఆకులకు నష్టము దొంగల వలన కలుగదు. మన వలననే కలుగును. బైండు చేయించునపుడు చినిగినదని మొదటి ఆకును తీసివేయుదురు. అంచులు కత్తిరించునపుడు చేతివ్రాతలో సగము పోవును. గ్రంథాలయపు ముద్రను సరిగా సంతకముపైననే కొట్టుట, సంఖ్య వ్రాసిన చీటీని ఆశీర్వాదముపై అంటించుట కూడ సాధారణమే. కాంబెల్ పంపిన మనిషికి స్తోత్రములు కనబడినట్లే మనకు ఇవి పిచ్చిగీతలుగా కనబడుచున్నవి.

ఇందుకు ధనముతో పనిలేని ఉపాయములు కలవు. పుస్తకమును నమోదు చేయు పట్టికలో గ్రంథము పేరు, కర్త పేరు, వెల అను గళ్ల సరసన మరియొక గడి గీచి, తొలి ఆకుపై నున్న వ్రాతను ఉన్నదున్నట్లుగా ఎత్తి వ్రాయవచ్చును. ముద్రను వెనుకటి పుటపై వేయవచ్చును. బైండు చేయువానికి మొదటి ఆకు తీయవలదని ముందుగనే చెప్పవచ్చును. చదువు నేర్చిన బాలబాలికలు సెలవు దినములలో వచ్చినచో, ఉన్న పుస్తకముల తొలి పుటలను కొన్ని వారములలో పరిశీలించి ముగింపగలరు. ఇండ్లలో తాటాకు గ్రంథములు మిగిలియున్నవారు వానిని అటకపై నుండి దింపి, తిరుపతిలో విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాచ్య పరిశోధన సంస్థవారికి చూపుట మంచిది. చదువరులు మనకు సమీపముననే యున్నారు.

ఇంటివారి వ్రాతలు ఇంటనే యుండవలెను, ఊరివారి కంట పడనేల యని సంకోచించువారు కలరు. ఆ సంకోచము గౌరవింపదగినదే. పుస్తకమును ఇచ్చుటకు ముందు కుటుంబమువారు ఆ వ్రాతకు నకలు తీసికొనవచ్చును. బయలు కారాదన్న దానిని తమవద్దనే యుంచుకొనవచ్చును. చదువకుండ చింపివేయుట మాత్రము తగదు. పెద తిరుమలాచార్యులు తన తండ్రి పాటలు తమ యింటి సొత్తని దాచుకొని యుండినచో, తాటాకులతోపాటే అవి చెదలకు ఆహారమైయుండెడివి. గుడిలో నుంచెను గనుక ఊరికి దక్కినవి.

గ్రంథాలయమునకు పుస్తక మిచ్చువారు ఇకమీదట తొలి ఆకుపై తమ పేరును, ఎవరి జ్ఞాపకార్థము ఇచ్చుచున్నారో ఆ పేరును, ఊరును, తేదీని స్పష్టముగా వ్రాసి ఇచ్చినచో మేలు. తాళ్లపాకవారి రేకుపై నున్నవియు ఇంచుమించు ఈ సంగతులే గదా. వ్రాయుటకు రెండు నిముషములు పట్టును. వచ్చే తరమున ఆ పుస్తకమును తెరచువారికి, దాని వెనుక నొక మనిషి, ఒక యిల్లు ఉండెనని తెలియుటకు అది చాలును.